సైకిలు మీద అప్పు ఎక్కటం ఎలా?

పిల్లలూ! మీరు బడికి వెళ్ళే దారిలో మిట్ట ఉందా? ఉంటే దాన్ని మీ ఊళ్ళో ఏమంటారు? కొందరు మెరక అంటారు. కొందరు గడ్డ అంటారు. మా వైపు సైకిళ్ళవాళ్ళూ, ఆటోవాళ్ళూ, లారీ డ్రైవర్లూ మాత్రం "అప్పు" అంటారు. "వంతెన దాటాక అంతా అప్పే మాస్టారూ!" అంటారు. దిగుడు దారి "డౌను". ఈ అప్పు ఇంగ్లీషునుంచి వచ్చిన మాటే. కాని తెలుగులో అప్పంటే బాకీ కదా! తమాషా ఏమిటంటే, ఆ అర్థం కూడా మిట్టకు చక్కగా సరిపోతుంది. మిట్ట ఎక్కటమంటే భూమికి ఒక బాకీ కట్టటమే. ఆ బాకీ ఎంతో, దాన్ని ఎన్ని వాయిదాల్లో కట్టాలో, పైన పడే వడ్డీని ఎలా తగ్గించుకోవాలో తెలిస్తే సైకిలు మీద మిట్ట ఎక్కటం సగం వచ్చినట్టే.

ఈ సంగతులన్నీ నేను కూర్చుని ఆలోచించటానికి కారణం ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి. ముప్పై ఏళ్ళుగా సైన్సు పాఠం చెపుతున్నవాడికి ఇవి ముందే తెలియవా అని మీరు అడగవచ్చు. సూత్రం తెలియటం వేరు, మిట్ట తెలియటం వేరు.

మా బడి ఒక మిట్ట మీద ఉంది. ఆ అమ్మాయి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న పల్లెనుంచి సైకిలు మీద వస్తుంది. జూన్, జూలై నెలల్లో వారానికి మూడు నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చేది. చెమటలు కారుతూ, రొప్పుతూ గుమ్మం దగ్గర నిలబడేది. మొదటి పీరియడు నాదే. "పది నిమిషాలు ముందు బయల్దేరకూడదా అమ్మా?" అని మందలించి, కాసేపు అక్కడే నిలబెట్టేవాణ్ణి. ఒకరోజు ఆమె, "ముందే బయల్దేరుతున్నాను మాస్టారూ. అప్పు దగ్గర ఆగిపోతున్నాను," అంది. పక్కనున్న స్నేహితురాలు, "దసరా తరవాత బడి మానిపించేస్తామంటున్నారు మాస్టారూ, వాళ్ళింట్లో," అని చెప్పింది.

నేను బడికి స్కూటరు మీద వెళతాను. స్కూటరు మీద వెళ్ళేవాడికి మిట్ట ఉన్నట్టే తెలియదు. ఆ ఆదివారం పక్కింటి కుర్రాడి సైకిలు అడిగి తీసుకుని, మిట్ట ఎక్కబోయాను. సగం దారిలో ఒక తూము ఉంది. అక్కడ ఆగిపోయాను. పది నిమిషాలు తూము గట్టు మీద కూర్చుని ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు మొదలైన ఆలోచనే ఈ వ్యాసం.

బాకీ ఎంత?

ముందు మిట్ట ఎత్తు తెలియాలి. దాన్ని కొలవటానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. ఇళ్ళు కట్టే మేస్త్రీలు నీళ్ళు పోసిన సన్నని ప్లాస్టిక్ గొట్టంతో మట్టం చూసుకుంటారు, గమనించారా? గొట్టం రెండు కొసల్లోనూ నీళ్ళు ఎప్పుడూ ఒకే మట్టంలో నిలబడతాయి. పదో తరగతి పిల్లలను వెంటబెట్టుకుని, అలాంటి గొట్టంతో పదేసి మీటర్ల చొప్పున మిట్టంతా కొలిచాం. మొత్తం నలభై సార్లు. ప్రతిసారీ సుమారు అర మీటరు ఎత్తు తేలింది. అంటే మిట్ట పొడవు 400 మీటర్లు, ఎత్తు 20 మీటర్లు. నూరు మీటర్లు ముందుకు వెళితే 5 మీటర్లు పైకి వెళతామన్నమాట. దీన్నే నూటికి 5 వాలు అంటారు.

ఇప్పుడు లెక్క చేద్దాం. ఆ అమ్మాయి బరువు 40 కిలోలు, సైకిలు 20 కిలోలు, పుస్తకాల సంచి 5 కిలోలు. మొత్తం 65. దీన్ని 20 మీటర్ల ఎత్తుకు, అంటే ఆరంతస్తుల మేడ పైకి చేర్చాలి. చెయ్యవలసిన పని:

65 × 9.8 × 20 = 12,740 జౌళ్ళు.

ఇదే భూమికి కట్టవలసిన బాకీ. మీరు మెల్లగా ఎక్కండి, వేగంగా ఎక్కండి, నడిచి ఎక్కండి, ఇందులో ఒక్క జౌలు కూడా తగ్గదు.

పన్నెండు వేలని హడలిపోకండి. మనం తిన్న తిండిలోని శక్తిలో సుమారు నాలుగో వంతే కండరాలు పనిగా మార్చగలవు. మిగిలింది వేడిగా పోతుంది. అందుకే మిట్ట ఎక్కితే చెమట పడుతుంది. ఆ నష్టం, దారిలో రాపిడి కూడా కలుపుకున్నా, ఈ మిట్ట ఎక్కటానికి కావలసిన శక్తి ఒక చెంచాడు పంచదారలో దాదాపుగా ఉంటుంది!

చూశారా! చెంచాడు పంచదార శక్తి లేక ఎవరూ మిట్ట మీద ఆగిపోరు. మరి ఎందుకు ఆగిపోతున్నాం?

ఎంత త్వరగా కట్టాలి?

వెయ్యి రూపాయల బాకీ ఉందనుకోండి. ఈ సాయంత్రానికల్లా కట్టమంటే కష్టం. పది నెలల్లో కట్టమంటే సులువు. బాకీ అదే, గడువు మారింది. మిట్ట సంగతి కూడా ఇంతే. పనిని కాలంతో భాగిస్తే వచ్చేదాన్ని సామర్థ్యం అంటారని మీరు చదువుకున్నారు. దాన్ని వాట్లలో కొలుస్తారు.

మన మిట్టను 2 నిమిషాల్లో ఎక్కితే 12,740 ÷ 120 = 106 వాట్లు.
3 నిమిషాల్లో ఎక్కితే 71 వాట్లు.
4 నిమిషాల్లో ఎక్కితే 53 వాట్లు.

ఇది పైకి ఎత్తటానికి అయ్యే ఖర్చు మాత్రమే. రాపిడి ఖర్చు వేరే. 2 నిమిషాల్లో ఎక్కేవాడికీ, 4 నిమిషాల్లో ఎక్కేవాడికీ మధ్య తేడా రెండు నిమిషాలే. కాని మొదటివాడి గుండె, ఊపిరితిత్తులు, కాళ్ళు రెండింతలు పని చెయ్యాలి. కాబట్టి మొదటి పాఠం ఇది: మిట్ట మొదట్లో మెల్లగా వెళ్ళండి. మీకు మరీ మెల్లగా అనిపించినా సరే.

"అదేమిటి మాస్టారూ, కిందనుంచి ఊపుగా వస్తే ఆ ఊపులోనే ఎక్కెయ్యవచ్చు కదా!" అని మీలో చాలామంది అంటారు. మా బడిలో మగపిల్లలందరిదీ ఇదే పద్ధతి. దీనికీ లెక్క ఉంది. గంటకు 20 కి.మీ. వేగంతో వచ్చిన సైకిలు తన ఊపుతో, తొక్కకుండా, రాపిడి అసలు లేదనుకున్నా, సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తు మాత్రమే ఎక్కగలదు. మన మిట్ట ఎత్తు 20 మీటర్లు. మిగిలిన పద్దెనిమిదిన్నర మీటర్లు కాళ్ళతోనే ఎక్కాలి. కాలవ మీది చిన్న వంతెనకు ఊపు పనికొస్తుంది. పెద్ద మిట్టకు ఊపు కోసం కింద పడిన ఆయాసం పైన చేటు చేస్తుంది.

ఒక్కొక్క వాయిదా ఎంత?

అయితే మెల్లగా వెళ్ళినా ఆ అమ్మాయి ఆగిపోతోంది. నేనూ ఆగిపోయాను. మెల్లగా వెళితే ఊపిరి ఆడుతోంది గాని, కాలు పెడలును కిందికి నొక్కలేకపోతోంది. దీనికి కారణం సైకిలులోనే ఉంది.

చదును రోడ్డు మీద మామూలు వేగంతో పోయే సైకిలును రాపిడీ, గాలీ కలిసి సుమారు ఒక కిలో బరువుతో వెనక్కి లాగుతాయి. మన మిట్ట మీద దీనికి తోడు భూమి కూడా లాగుతుంది. ఎంత? 65 కిలోల్లో నూటికి 5 వంతులు, అంటే మూడుంబావు కిలోలు. అన్నీ కలిపి సుమారు నాలుగు కిలోలనుకుందాం. నాలుగు కిలోలు లాగటం ఏమంత కష్టం?

మీ సైకిలును స్టాండు వేసి, ముందున్న పెద్ద పళ్ళచక్రానికి ఎన్ని పళ్ళున్నాయో, వెనకనున్న ఫ్రీవీలుకు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఆ అమ్మాయి సైకిలుకు ముందు 44, వెనక 18. అంటే పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం సుమారు రెండున్నర చుట్లు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత 2.2 మీటర్లు. కాబట్టి ఒక్క చుట్టుకు సైకిలు సుమారు 5.4 మీటర్లు ముందుకు పోతుంది. ఆ లోపల కాలు తిరిగిన దూరం ఒక మీటరు పైచిలుకు మాత్రమే. అంటే కాలు కదిలిన దూరానికి సైకిలు అయిదు రెట్లు కదిలింది.

ప్రకృతి ఏదీ ఊరికే ఇవ్వదు. దూరంలో అయిదు రెట్లు లాభం వస్తే, బలంలో అయిదు రెట్లు నష్టం రావలసిందే. చదును మీద ఒక కిలోకు బదులు కాలు అయిదు కిలోలు నొక్కాలి. అది ఏమీ అనిపించదు. మిట్ట మీద నాలుగు కిలోలకు బదులు ఇరవై కిలోలు నొక్కాలి! అదైనా సగటు. పెడలు సరిగ్గా పైనా, సరిగ్గా కిందా ఉన్నప్పుడు ఎంత నొక్కినా చక్రం తిరగదు. కాబట్టి అది మధ్యలో, అడ్డంగా ఉన్నప్పుడు ముప్పై కిలోలకు మించి నొక్కవలసి వస్తుంది. నలభై కిలోల పిల్ల ముప్పై కిలోలకు మించి నొక్కాలంటే సీటు మీదనుంచి లేవకతప్పదు. మీరు మిట్ట రాగానే లేచి నిలబడి తొక్కేది ఇందుకే. మీ ఒంటి బరువంతా పెడలు మీద వేస్తున్నారన్నమాట. పది పదిహేను గజాలకు అది మంచి ఉపాయం. కాని నిలబడితే ఒంటిని మొయ్యటానికి కూడా ఖర్చవుతుంది. 400 మీటర్లు అలా ఎక్కటం కష్టం.

వాయిదాల భాషలో చెపుతాను. ఈ సైకిలు మీద మిట్ట ఎక్కటానికి పెడలు 74 చుట్లు తిరగాలి. రెండు కాళ్ళూ కలిపి 148 నొక్కులు. బాకీని 148 తో భాగిస్తే ఒక్కొక్క నొక్కుకు 86 జౌళ్ళు. గేర్లున్న సైకిలుకు ముందు 28 పళ్ళు, వెనక 28 పళ్ళు ఉన్న గేరు వేశారనుకోండి. అప్పుడు 182 చుట్లు, 364 నొక్కులు, నొక్కుకు 35 జౌళ్ళు. బాకీ తగ్గిందా? లేదు. వాయిదా తగ్గింది. గేరు మనకు శక్తిని ఇవ్వదు. బాకీని చిన్న చిన్న వాయిదాలుగా విడగొడుతుంది, అంతే.

తిరుమల కొండకు మెట్లదారిలో వెళ్ళినవాళ్ళకు ఇది అనుభవమే. అలిపిరినుంచి మూడున్నర వేల మెట్లతో దారి సుమారు 9 కి.మీ. 1944లో వేసిన ఘాట్ రోడ్డు అదే కొండను మెలికలు తిరుగుతూ సుమారు 19 కి.మీ.లో ఎక్కుతుంది. ఎత్తు అదే. దారి పొడవు పెరిగి వాయిదా తగ్గింది. అలా అని మీరు మామూలు రోడ్డు మీద సైకిలును అటూ ఇటూ మెలికలు తిప్పుతూ ఎక్కకండి. లెక్క ప్రకారం సులువే గాని, వెనకనుంచి వచ్చే లారీకి మీ లెక్క తెలియదు!

గేర్ల సైకిలు కొనటం అందరివల్లా కాదు. మామూలు సైకిలుకు కూడా ఒక ఉపాయం ఉంది. సైకిలు షాపులో 18 పళ్ళ ఫ్రీవీలు తీసి 20 లేక 22 పళ్ళది వెయ్యమనండి. గొలుసుకు ఒకటి రెండు లింకులు కలపవలసి రావచ్చు. 22 పళ్ళదయితే నొక్కుకు 86 జౌళ్ళ వాయిదా 70 కి దిగుతుంది. బదులుగా చదును రోడ్డు మీద కాళ్ళు కొంచెం ఎక్కువసార్లు ఆడించాలి. ఆ అమ్మాయి సైకిలుకు ఈ మార్పే చేయించాం.

దిగి నడవటం నామోషీయా?

ఆ అమ్మాయికి అన్నిటికన్న బాధ, దిగి నెట్టుకుంటూ నడిస్తే వెనకవాళ్ళు నవ్వుతారని. అందుకని శక్తంతా అయిపోయేదాకా తొక్కి, పూర్తిగా ఆగిపోయేది. ఆమెకు ఒక సైకిలు పందెం కథ చెప్పాను.

ఫ్రాన్సు దేశంలో టూర్ డి ఫ్రాన్స్ అనే సైకిలు పందెం 1903లో మొదలయింది. 1910లో మొదటిసారి దాన్ని పిరనీస్ పర్వతాల్లోని ఎత్తయిన కనుమల మీదుగా నడిపారు. అందులో టూర్మలే అనే కనుమ సముద్రమట్టానికి 2,115 మీటర్ల ఎత్తున ఉంది. అప్పటి సైకిళ్ళకు ఇప్పటిలాంటి గేర్లు లేవు. వాయిదా మార్చుకోవాలంటే దిగి, వెనక చక్రం ఊడదీసి, రెండోవైపు తిప్పి బిగించుకోవాలి. ఆ ఏడాది పందెం గెలిచిన ఆక్టేవ్ లపీజ్ అంతటివాడు కూడా ఆ కొండల్లో కొంత దూరం దిగి, సైకిలు నెట్టుకుంటూ నడిచాడు. గొలుసును ఒక పళ్ళచక్రం మీదనుంచి ఇంకోదాని మీదికి మార్చే గేర్లను ఆ పందెంలో 1937లో గాని అనుమతించలేదు.

కాబట్టి దిగి నడవటం ఓడిపోవటం కాదు. అది మీ సైకిలుకున్న ఆఖరి గేరు. శక్తంతా అయిపోకముందే దిగి, నూరు అడుగులు నడిచి, మళ్ళీ ఎక్కండి. ఆగిపోయి కూర్చున్నవాడికన్న ముందే బడికి చేరతారు.

వడ్డీ తగ్గించుకోండి

20 మీటర్లు ఎక్కటానికి కట్టిన 12,740 జౌళ్ళను భూమి దాచి ఉంచుతుంది. సాయంత్రం డౌనులో దిగేటప్పుడు తిరిగి ఇచ్చేస్తుంది. భూమి నిజాయితీగల షావుకారు. కాని రాపిడికి పోయింది మాత్రం తిరిగి రాదు. అదే వడ్డీ. దాన్ని మన చేతుల్లో ఉన్నంత వరకు తగ్గించుకోవాలి.

టైర్లను బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. మెత్తగా దిగితే గాలి చాలదు. గాలి తగ్గిన టైరు ప్రతి చుట్టులోనూ నలుగుతూ మీ శక్తిని తింటుంది.

వెనక చక్రాన్ని పైకెత్తి తిప్పి చూడండి. వెంటనే ఆగిపోతే బ్రేకు కట్టె రిమ్ముకు రాసుకుంటోందన్నమాట. దాన్ని సరిచేయించండి. వదులు మాత్రం చేయించకండి, డౌనులో ప్రాణం కాపాడేది బ్రేకే.

గొలుసు మట్టిని పాతగుడ్డతో తుడిచి రెండు మూడు చుక్కల నూనె వెయ్యండి.

సీటు ఎత్తు చూసుకోండి. సీటు మీద కూర్చుని, పెడలు బాగా కిందికి ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే మోకాలు దాదాపు నిటారుగా రావాలి. తొక్కేటప్పుడు మాత్రం పాదం ముందు భాగంతో తొక్కాలి. సీటు మరీ కిందికి ఉంటే మోకాలు ముడుచుకుపోయి కాలికి పూర్తి బలం రాదు. గొంతుక్కూర్చుని లేవటానికీ, కుర్చీలోంచి లేవటానికీ ఎంత తేడా ఉందో చూడండి. అయితే ఆగినప్పుడు కాలివేళ్ళు నేలకు ఆనేటంత ఎత్తే ఉంచుకోండి.

ఆక్సిజన్ అప్పు

ఇప్పుడు మిట్టమీదినుంచి మన ఒంట్లోకి వద్దాం. మీరు మిట్ట పైకి చేరి సైకిలు ఆపేశారు. పని అయిపోయింది. అయినా రెండు మూడు నిమిషాలు రొప్పుతూనే ఉంటారు. ఎందుకు?

కండరాలు పంచదారనూ, కొవ్వునూ ఆక్సిజన్ సాయంతో మండించి శక్తి పొందుతాయి. మిట్ట మొదలవగానే శక్తి అవసరం ఒక్కసారిగా పెరుగుతుంది. కాని గుండే, ఊపిరితిత్తులూ వెంటనే అందుకోలేవు. వాటికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. ఈ లోపల కండరాలు తమలో దాచుకున్న నిలవ వాడుకుంటాయి. ఆక్సిజన్ లేకుండానే పంచదారను విరిచి కొంత శక్తి తీసుకుంటాయి. ఆ తరవాత మీరు రొప్పేది ఈ లోటు పూడ్చటానికే. దీన్ని "ఆక్సిజన్ అప్పు" అన్నాడు బ్రిటిష్ శాస్త్రవేత్త ఎ.వి.హిల్, 1920ల తొలి ఏళ్ళలో. కండరాల్లో పుట్టే వేడి మీద పరిశోధనకు ఆయన 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి పంచుకున్నాడు. ఆయన ఇంటిపేరుకు అర్థం కొండ! అప్పు మాట కొండాయనే చెప్పాడన్నమాట.

ఈ అప్పు లెక్క హిల్ అనుకున్నంత సూటిగా లేదని తరవాతి పరిశోధనల్లో తేలింది. ఆక్సిజన్ చాలనప్పుడు పుట్టే లాక్టిక్ ఆమ్లం ఉత్త చెత్త అని పూర్వం అనుకునేవారు. గుండే, కండరాలూ దాన్ని తిరిగి ఇంధనంగా వాడుకుంటాయని ఇప్పుడు తెలుసు. మర్నాడు కాళ్ళు నొప్పి పుట్టటానికి కారణం కూడా అది కాదు. అలవాటు లేని పనికి కండరాల పోగులు సూక్ష్మంగా దెబ్బతినటం వల్ల ఆ నొప్పి వస్తుంది. రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది.

మరి మనం అప్పు చేస్తున్నామో లేదో తొక్కేటప్పుడు తెలిసేదెలా? దీనికి నా దగ్గర ఒక పరికరం ఉంది. దాని పేరు పదమూడో ఎక్కం. మిట్ట ఎక్కుతూ పైకి చదవండి. ఒక్కొక్క గుణకారం ఒక ఊపిరిలో చెప్పగలిగితే ఆదాయంలోనే ఖర్చు పెడుతున్నారన్నమాట. "పదమూడు మూళ్ళు..." అని మధ్యలో ఊపిరికి ఆగితే అప్పు మొదలయింది, వేగం తగ్గించండి. (ముప్పై తొమ్మిది మరిచిపోయి ఆగితే అది వేరే జబ్బు.)

ఆదాయం పెంచుకోవటం

బాకీ మారదు. అయితే మన ఆదాయం పెరుగుతుంది. వారాల తరబడి మిట్ట ఎక్కుతూంటే గుండె ఒక్కొక్క కొట్టుకు ఎక్కువ రక్తం పంపుతుంది. కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి. కండర కణాల్లో ఇంధనాన్ని మండించే పొయ్యిలు, మైటోకాండ్రియాలు, ఎక్కువవుతాయి. ఇవన్నీ ఒక్కరోజులో జరగవు. ఒక్కరోజు విపరీతంగా తొక్కి మూడు రోజులు పడుకున్నందువల్ల అసలే జరగవు.

మేం పాటించిన పద్ధతి ఇది. మిట్ట మీద మూడు గుర్తులు పెట్టుకున్నాం: తూము, చింతచెట్టు, నీళ్ళ ట్యాంకు. మొదటి వారం తూము దాకా తొక్కి, దిగి నడవాలి. అది సులువయ్యాక చింతచెట్టు. తరవాత ట్యాంకు. వారంలో మూడు రోజులే ప్రయత్నం. మిగతా రోజులు ఎక్కడ దిగాలనిపిస్తే అక్కడ దిగవచ్చు. ఒళ్ళు పెరిగేది విశ్రాంతిలోనే. ఏమీ తినకుండా బయల్దేరకూడదు.

లెక్క కుదరలేదు

ఆగస్టునుంచి ఆ అమ్మాయీ, ఆమె స్నేహితురాలూ ఇద్దరూ ఇలాగే చేశారు. ఇద్దరిదీ దాదాపు ఒకే బరువు. ఒకే రకం సైకిళ్ళు. రెండింటికీ 22 పళ్ళ ఫ్రీవీలే వేయించాం. అయిదు వారాల్లో స్నేహితురాలు పైదాకా ఎక్కేసింది. ఈ అమ్మాయి తూము దాటలేకపోయింది. పదమూడో ఎక్కం రెండో మెట్టు దగ్గరే ఆగిపోయేది.

ప్రయోగంలో అన్ని పరిస్థితులూ ఒకటిగా ఉంచినా ఫలితం వేరుగా వస్తే ఏం చెయ్యాలి? మనం చూడని తేడా ఏదో ఉందని వెతకాలి. నేను చూడని తేడా ఆమె రక్తంలో ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళితే, నూరు మిల్లీలీటర్ల రక్తానికి 12 గ్రాములైనా ఉండవలసిన హీమోగ్లోబిన్ 9 గ్రాములే ఉందన్నారు. ఊపిరితిత్తులనుంచి కండరాలకు ఆక్సిజన్ మోసుకుపోయేది హీమోగ్లోబినే. నాలుగు లారీలు మొయ్యవలసిన సరుకును మూడు లారీలు మోస్తున్నాయన్నమాట. సరుకు చాలాలంటే ఆ మూడింటినే మరింత త్వరగా తిప్పాలి. అందుకే గుండె దడదడలాడేది. ఆమెకు లేనిది పట్టుదల కాదు, ఇనుము.

ఇది ఆ ఒక్క అమ్మాయి సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. కాబట్టి మీలో ఎవరికైనా మిట్ట ఎక్కితే తోటివాళ్ళకన్న చాలా ఎక్కువ ఆయాసం వస్తే, కళ్ళు తిరిగితే, గుండెలో నొప్పి వస్తే, దాన్ని సాధనతో జయించాలని చూడకండి. ఇంట్లో చెప్పండి, డాక్టరుకు చూపించుకోండి. బడిలో ఇచ్చే ఇనుము మాత్రలను బల్ల కింద పడెయ్యకండి. ఆకుకూరలు, పప్పులు, వీలైతే మాంసం తినండి. భోజనంతోపాటు నిమ్మకాయో, ఉసిరికాయో తింటే ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనం కాగానే టీ తాగితే ఒంటబట్టదు.

ఆ అమ్మాయి డాక్టరు చెప్పినట్టు మాత్రలు వేసుకుంది. నేను వాళ్ళ నాన్నగారి దగ్గరికి వెళ్ళి లెక్కంతా చెప్పాను. ఆయన, "సంక్రాంతి దాకా చూద్దాం మాస్టారూ," అన్నారు. దసరా వెళ్ళింది. దీపావళికి చింతచెట్టు దాకా వచ్చింది. సంక్రాంతి సెలవులకు రెండు రోజుల ముందు, నేను స్కూటరు మీద మిట్ట ఎక్కుతూంటే, ముందు మెల్లగా, చాలా మెల్లగా ఒక సైకిలు ట్యాంకు దాటి పోతోంది. దగ్గరికి వెళితే పదమూడో ఎక్కం వినిపించింది. తొమ్మిదో మెట్టు మీద ఉంది.

ఆ రోజు మొదటి గంటకు ఆమె తన చోట్లో కూర్చుని ఉంది. జూన్, జూలై నెలల్లో ఆమెను గుమ్మం దగ్గర నిలబెట్టినందుకు తరగతి అందరి ఎదుటా తప్పు ఒప్పుకున్నాను. నేను స్కూటరు దిగి చూసి ఉంటే ఆ రెండు నెలలు పోయేవి కావు.

మీ దారిలో కూడా మిట్ట ఉంటే నీటి గొట్టంతో దాని ఎత్తు కొలవండి. మీ సైకిలు పళ్ళు లెక్కపెట్టండి. బాకీ ఎంతో, వాయిదా ఎంతో కట్టండి. మీతో కలిసి వచ్చేవాళ్ళలో ఎవరైనా రోజూ ఒకే చోట ఆగిపోతూంటే నవ్వకండి. మీ సైకిలు కూడా ఆపి, ఎందుకు ఆగారో అడగండి.